కమ్మరి కొడుకు కోటలోకి ఎలా వెళ్తాడు?

మధ్యయుగంలో సాగే కింగ్‌డమ్ కమ్: డెలివరెన్స్ అనే కంప్యూటర్ గేమ్‌లో ఆటగాడు నడిపే హెన్రీ కమ్మరి కొడుకు. మొదట్లో పుస్తకం తెరిస్తే తెర మీద అక్షరాలు తారుమారై కనిపిస్తాయి, ఒక్క ముక్క అర్థం కాదు. ఉజిత్స్ అనే ఊళ్లో లేఖకుడి దగ్గర చదువు నేర్చుకుంటే, సాధన పెరిగేకొద్దీ మాటలు కుదురుకుంటాయి. ఒంటి మీది బట్టలకూ ఒక లెక్క ఉంది. బురదో నెత్తురో అంటితే ఆ లెక్క పడిపోతుంది, ఎదుటివాడు మాట వినడు. తొట్టి దగ్గర మొహం కడుక్కుని వస్తే కాస్త నయం.

ప్రాగ్‌కు చెందిన వార్‌హార్స్ స్టూడియోస్ 2018లో దీన్ని తెచ్చింది, 2025 ఫిబ్రవరిలో రెండో భాగం వచ్చింది. అప్పటి నుంచి వాదన నడుస్తూనే ఉంది. ఇష్టమొచ్చినట్టు తిరగాల్సిన సాండ్‌బాక్స్ గేమ్‌లో పుట్టుకను అడ్డం పెట్టడమేంటని కొందరంటారు. అది తీసేస్తే ఇక మధ్యయుగం ఎందుకని మరికొందరు. హనుమకొండ హాస్టల్ గదుల్లోనూ ఈ పంచాయితీ వినిపిస్తుంది. కానీ ఇది ఇప్పటిది కాదు, కంప్యూటర్ గేమ్‌ల కన్నా ముందే బల్ల మీద మొదలైంది.

1977లో వచ్చిన చివల్రీ అండ్ సోర్సరీ అనే బల్ల మీద ఆడే గేమ్‌లో పాత్ర ఏ ఇంట పుట్టిందో పాచికలే చెప్పేవి. బానిస రైతు ఇల్లు పడితే పడినట్టే. 1992లో మైక్రోప్రోస్ వారి డార్క్‌లాండ్స్ పాచికలు పక్కన పెట్టి ఎంపిక ఆటగాడికి వదిలింది. పదిహేనో శతాబ్దపు జర్మనీలో పల్లె పేదల నుంచి ప్రభువుల దాకా ఏ కుటుంబమో ఎంచుకుంటే, దాన్ని బట్టి పాత్ర బలాలు మారేవి. 1996 నాటి డాగర్‌ఫాల్ ఇంకో అడుగు వేసింది. ప్రభువులతో, పండితులతో మాట్లాడటానికి మర్యాద అనే నైపుణ్యం, సామాన్యులతో, దొంగల ముఠాలతో మాట్లాడటానికి వీధి భాష అనే నైపుణ్యం. ఒక వర్గం దగ్గర తెచ్చుకున్న పేరు ఇంకో వర్గం దగ్గర చెల్లదు. నా లెక్కలో ఇది చాలా తెలివైన ఆలోచన. తర్వాత వచ్చినవాళ్లు దీన్ని ఎందుకో పెద్దగా పట్టించుకోలేదు.

ఆ తర్వాత డబ్బు దారి తెరుచుకుంది. 2002 నాటి యూరోపా 1400: ది గిల్డ్‌లో సొమ్ము పోసి హోదాలు కొనుక్కోవచ్చు. 2009 నాటి అన్నో 1404లో ఇళ్లకు కావాల్సినవి అందిస్తూ పోతే రైతులు పట్టణ పౌరులవుతారు, వాళ్లలోంచి పెద్ద కుటుంబాలు, చివరికి ప్రభువులు. అయితే ఎన్ని ఇళ్లు పైకి పోవచ్చో గేమే హద్దు పెడుతుంది. కింద రైతు ఇళ్లు ఉండి తీరాలి. ఈ నియమాన్ని చాలామంది విసుగ్గా చూస్తారు కానీ, మొత్తం గేమ్‌లో అసలు నిజం చెప్పేది అదొక్కటే అనిపిస్తుంది నాకు.

ఇక కత్తి దారి. టర్కీకి చెందిన టేల్‌వరల్డ్స్ 2008లో మౌంట్ అండ్ బ్లేడ్, 2010లో వార్‌బ్యాండ్ తెచ్చింది. మొదట్లోనే మీ తండ్రి ఎవరని అడుగుతుంది. చితికిపోయిన ప్రభువు కొడుకునంటే సొంత జెండా అప్పుడే చేతికొస్తుంది. వ్యాపారి కొడుకునో వేటగాడి కొడుకునో అంటే పేరు సంపాదించాక, ఒక రాజు కొలువులో చేరాకే. ఆడమనిషిగా మొదలుపెడితే దారి మరీ కష్టం. 2022లో పూర్తి రూపంలో విడుదలైన బ్యానర్‌లార్డ్‌లో వంశానికి అంచెలు పెట్టారు. చిన్న అంచెలో కిరాయి సైనికుడు, పై అంచెకు పోతే సామంతుడు, ఇంకా పైకి పోతే సొంత రాజ్యం. సైన్యంలోనూ రెండు వరుసలు ఉంటాయి. పల్లె నుంచి కర్ర పట్టుకొచ్చినవాడు ఎంత పోరాడినా మామూలుగా గొప్పింటి వాళ్ల వరుసలో కలవడు.

ఓరుగల్లువాళ్లకు ఈ కత్తి దారి కొత్తేమీ కాదు. కాకతీయుల నాయంకర పద్ధతి దాదాపు ఇదే. నాయకుడికి కొన్ని ఊళ్ల ఆదాయం ఇస్తారు, బదులుగా అతను ఇంత సైన్యాన్ని పోషించి రాజుకు అందించాలి. 1213లో పాలంపేటలో రామప్ప గుడి కట్టించిన రేచర్ల రుద్రుడు గణపతిదేవుడి సేనాని. 1289 నాటి చందుపట్ల శాసనం ఇంకా ఆసక్తికరం. రుద్రమదేవి చనిపోయిన సంగతి మనకు దాని వల్లే తెలిసింది. దాన్ని వేయించింది రాజో మంత్రో కాదు, మల్లికార్జున నాయకుడి బంటు పువ్వుల ముమ్మడి. రుద్రమకు, తన నాయకుడికి శివలోకం దక్కాలని గుడికి భూమి ఇచ్చాడు. ఒక బంటు చేతిలో దానం చేసేంత భూమి ఉందన్నమాట. రుద్రమ కూడా శాసనాల్లో రుద్రదేవ మహారాజుగా, మగ పేరుతో కనిపిస్తుంది.

కాకతీయుల కులం సంగతి కూడా అంత తేలిగ్గా తేలదు. కొన్ని శాసనాలు వాళ్లను చతుర్థ కులంవాళ్లని చెబుతాయి, మరికొన్ని సూర్యవంశం దాకా తీసుకెళ్తాయి. మధ్యయుగపు రాజవంశాన్ని నడిపే క్రూసేడర్ కింగ్స్ 2 గేమ్ 2014లో రాజాస్ ఆఫ్ ఇండియా అనే అదనపు భాగంతో మన దేశాన్ని పటంలో చేర్చి, హిందూ పాత్రలకు వర్ణాన్ని ఒక గుణంగా తగిలించింది. పుస్తకంలో రాసి ఉన్న వర్ణాలు తీసుకుని వరసగా పేర్చినట్టుంది ఆ పని. నాలుగో వర్ణం అని చెప్పుకుంటూనే గుర్రాల మీద తిరిగి, చెరువులు తవ్వించి, గుళ్లు కట్టించి రాజ్యం ఏలినవాళ్లు ఆ లెక్కలో ఇమడరు.

అలాగని అప్పుడు అందరికీ దారి ఉందనుకుంటే పొరపాటు. కత్తి పట్టినవాడికి ఉంది. పొలంలో, వాకిట్లో పని చేసేవాళ్లకు ఏం దారి ఉందో శాసనాలు పెద్దగా చెప్పవు. కాలంలో మనకు దగ్గరగా వస్తే, నిజాం పాలనలో దొర గడి ముందు నుంచి పోయేవాడు చెప్పులు విప్పి చేతబట్టుకునేవాడని, తలపాగా తీసేవాడని, నీ బాంచెన్ కాల్మొక్తా అనేవాడని మన ముసలివాళ్లు ఇప్పటికీ చెబుతారు. హెన్రీ బట్టలు మార్చి గొప్పింటివాడిలా కనిపించొచ్చు. గడి ముందు మంచి బట్ట కడితే దెబ్బలు పడేవి. పైగా హెన్రీ కథలో ఒక కిటుకుంది (ఆడనివాళ్లు ఈ వాక్యం దాటేయండి): కమ్మరి కొడుకు నిజానికి ఒక ప్రభువుకు పుట్టినవాడు. మన పాత సినిమాల్లో పుట్టుమచ్చ చూపించి జమీందారు వారసుణ్ని తేల్చినట్టు.

గేమ్‌లలో ఇప్పటికీ పెద్దగా కనిపించనిది వెట్టి, అంటే కాదనడానికి వీల్లేని పని. 2024లో ఇంకా పూర్తికాని రూపంలోనే విడుదలైన మేనర్ లార్డ్స్‌లో ఆటగాడే దొర. ఏ కుటుంబం ఏ పని చేయాలో తనే చెబుతాడు. వాళ్ల ఇష్టం బాగా తగ్గితే ఊరొదిలి పోతారు, అంతవరకు నయమే. క్రూసేడర్ కింగ్స్ 3కి 2024లోనే వచ్చిన రోడ్స్ టు పవర్‌తో భూమి లేనివాడిగా కూడా ఆడొచ్చు. అంతకు ముందు భూమి మొత్తం పోతే ఆట అయిపోయినట్టే. రైతుల తిరుగుబాట్లూ ఆ గేమ్‌లో ఉన్నాయి, కానీ అవి వచ్చేది రాజు అణచాల్సిన తలనొప్పిగా. కరువులో కప్పం కట్టలేమన్నందుకు కోయవాళ్ల మీదికి కాకతీయ సైన్యం వచ్చిందని, సమ్మక్క, సారలమ్మ ఎదురు నిలిచారని మేడారంలో చెప్పే కథను అందులో ఆడాలంటే ప్రతాపరుద్రుడి వైపే కూర్చోవాలి.