లైట్‌సేబర్‌కి ఎల్‌ఈడీ కొనబోతున్నారా? ముందు ఈ అపోహలు వదలండి

విజయనగరంలో నాది ఎలక్ట్రానిక్స్ రిపేరు కొట్టు. కాలేజీ ఫెస్టులు దగ్గర పడ్డాయంటే లైట్‌సేబర్ చేసుకుంటామని కుర్రాళ్లు వస్తారు. స్టార్ వార్స్ సినిమాల్లో వెలిగే కత్తి ఉంటుందే, అదే: కింద పిడి, పైన వెలిగే ప్లాస్టిక్ ట్యూబు. కొని తెచ్చిన సామాను బల్ల మీద పెడితే చాలాసార్లు బాధేస్తుంది. ఇంట్లో అడిగి తెచ్చుకున్న డబ్బు అది.

అపోహ: వాట్లు ఎక్కువైతే వెలుగు ఎక్కువ.

వాస్తవం: వేడి బయటికి పోయే దారి లేకపోతే పది వాట్ల ఎల్‌ఈడీ కూడా కాసేపటికే మసకబారుతుంది. మూడు వాట్లదే చాలు. దాన్ని థర్మల్ పేస్టు (వేడిని దాటించే పేస్టు) రాసి హీట్‌సింక్ (వేడిని లాగే లోహపు ముక్క) మీద కూర్చోబెట్టి, ఆ హీట్‌సింక్ అల్యూమినియం పిడికి ఆనేలా బిగించండి. పిడికి పీవీసీ పైపు వద్దనేది అందుకే, అది వేడిని లోపలే పట్టి ఉంచుతుంది.

అపోహ: ఏ రంగుకైనా ఒకే రెసిస్టర్ (కరెంటును అదుపు చేసే భాగం).

వాస్తవం: ఎక్కువ ఎల్‌ఈడీలు మాడేది ఇక్కడే. నీలం, ఆకుపచ్చ ఎల్‌ఈడీలు సుమారు 3.2 వోల్టులు తీసుకుంటాయి. ఎరుపుకు 2.2 చాలు. నిండా చార్జ్ అయిన లిథియం సెల్ ఇచ్చేది 4.2. మిగిలిన వోల్టులను రెసిస్టర్ ఆపాలి. ఒక ఆంపియర్ కరెంటు పోవాలంటే నీలానికి 1 ఓమ్, ఎరుపుకు 2 ఓమ్‌లు పెట్టాలి. పోయిన ఏడాది ఒక తమ్ముడు నీలానికి పెట్టిన రెసిస్టరే ఎరుపుకూ పెట్టాడు. రెట్టింపు కరెంటు లాగి ఎల్‌ఈడీ పోయింది, ప్రోగ్రాం ఆ సాయంత్రమే. "అన్నయ్యా, ఎల్‌ఈడీ డూప్లికేటా?" అని అడిగాడు. ఎల్‌ఈడీ మంచిదే, లెక్కే తప్పింది. ఇంకో మాట: ఎరుపు ఎల్‌ఈడీకి పెట్టే రెసిస్టర్ మీదే 2 వాట్ల వేడి పుడుతుంది, పావు వాటుది పెడితే కాలిపోతుంది. 5 వాట్లది తీసుకోండి.

అపోహ: సెల్ మీద 9800 ఎంఏహెచ్ (సెల్‌లో పట్టే చార్జ్ లెక్క) అని ఉంది, గంటలకొద్దీ వస్తుంది.

వాస్తవం: 18650 సైజు (18 మి.మీ. మందం, 65 మి.మీ. పొడుగు) లిథియం సెల్‌లో అంత పట్టదు. మంచి కంపెనీవి కూడా 3500 దగ్గర ఉంటాయి. తూకం వేసి చూడండి, అసలుది 45 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. మరీ తేలిగ్గా ఉంటే నమ్మకండి. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలోంచి ఊడదీసిన సెల్ అసలు వద్దు.

అపోహ: ట్యూబు పొడుగునా పిక్సెల్ స్ట్రిప్ (చిన్న ఎల్‌ఈడీలు వరుసగా ఉండే పట్టీ) వేస్తేనే అది సేబర్.

వాస్తవం: అందం దానిదే, కాదనను. వెలుగు పిడి నుంచి కొసదాకా పాకుతుంది. కానీ ఒక్కో పిక్సెల్ తెల్లగా పూర్తిగా వెలిగితే 60 మిల్లీ ఆంపియర్ల దాకా లాగుతుంది. 144 పిక్సెళ్లుండే మీటరు పొడుగు స్ట్రిప్పులు రెండు అంటే 17 ఆంపియర్లు. ఒక్క సెల్ మీద అంత భారం వేయకూడదు, స్ట్రిప్‌ను నడిపే కోడ్‌లోనే వెలుగు తగ్గించి పెట్టుకోవాలి. పైగా దెబ్బలకు సోల్డర్ ఊడుతుంది. కొట్టుకునే సేబర్‌కి ఎల్‌ఈడీ పిడిలోనే ఉండనివ్వండి.

అపోహ: ట్యూబు ఏదైనా ఒకటే.

వాస్తవం: స్టేజీ మీద యుద్ధం ఉంటే పాలీకార్బొనేట్ ట్యూబే వాడాలి. యాక్రిలిక్ దెబ్బకు పగిలి ముక్కలు ఎగురుతాయి. ముందు వరుసలో కూర్చునేది చిన్నపిల్లలు.