పోస్టులో అద్దె పుస్తకాలు గిట్టుబాటేనా? అపోహలు - వాస్తవాలు

చెన్నై మాంబళంలో తెలుగు పుస్తకాల అద్దె లైబ్రరీ నడుపుతున్నాను. ఇప్పుడు షాపుకి వచ్చేవాళ్ళ కంటే పోస్టులో తెప్పించుకునేవాళ్ళే ఎక్కువ. అంబత్తూరు, హోసూరు, కోయంబత్తూరు దాకా పంపుతాం. చేరేముందు దాదాపు అందరూ అడిగేది ఒకటే: "ఇంత ఖర్చు పెట్టే బదులు కొనుక్కోవచ్చు కదండీ?" కొందరికి నేనే కొనుక్కోమని చెప్తాను.

అపోహ: అద్దె తక్కువైతే గిట్టినట్టే.

వాస్తవం: అద్దె కంటే ముందు చూడాల్సింది పోస్టేజీ. అది రెండుసార్లు పడుతుంది, రావడానికి ఒకసారి, తిరిగి పంపడానికి ఒకసారి. పుస్తకాలను తక్కువ ఖర్చుతో పంపుకునే రిజిస్టర్డ్ బుక్ పోస్ట్‌ను 2024 డిసెంబరులో తపాలా శాఖ ఆపేసినప్పుడు మాలాంటివాళ్ళకి చాలా కష్టమైంది. 2025 మే 1న పుస్తకాల కోసమే తపాలా శాఖ తక్కువ రేట్లతో పెట్టిన జ్ఞాన్ పోస్ట్ వచ్చాక కాస్త ఊపిరి పీల్చుకున్నాం. మొదలైనప్పటి రేట్ల ప్రకారం 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలు, పన్ను అదనం.

ఇప్పుడు లెక్క చూడండి. 150 రూపాయల పుస్తకం ఒక్కటే తెప్పించుకుంటే రానూపోనూ 40 రూపాయలు. దాని మీద అద్దె 30 అనుకున్నా 70 అయింది, అంటే సగం ధర దగ్గరకొచ్చేశాం. ఇంకో 80 వేసుకుంటే పుస్తకం మీ ఇంట్లోనే ఉంటుంది. అదే 15 పుస్తకాలు 5 కిలోల కట్టగా తెప్పిస్తే రానూపోనూ 200, పుస్తకానికి 13 చిల్లర. అందుకే ఒంటి పుస్తకం పంపమంటే వద్దంటాను. అంబత్తూరులో ఒకే అపార్ట్‌మెంట్‌లోని మూడు కుటుంబాలు కలిసి ఒక కట్ట తెప్పించుకుంటాయి. నా దగ్గర అందరికంటే తక్కువ ఖర్చుతో చదివేది వాళ్ళే.

ఒక జాగ్రత్త. జ్ఞాన్ పోస్ట్ చదువు, సమాజం, సంస్కృతి, మతం విషయాల పుస్తకాలకే. వార, మాస పత్రికలకు వర్తించదు. మీరు పంపే పుస్తకాలు దాని కిందికి వస్తాయో లేదో కౌంటర్‌లో ముందే అడగండి. రాకపోతే మామూలు పార్సిల్ రేటు పడుతుంది, అప్పుడు పై లెక్క మారిపోతుంది. పైగా జ్ఞాన్ పోస్ట్ విమానంలో వెళ్ళదు, రోజులు పడుతుంది. ట్రాకింగ్ ఉంది కాబట్టి టెన్షన్ అక్కర్లేదు. గడువు మాత్రం పుస్తకం చేతికందిన రోజు నుంచి లెక్కపెట్టే లైబ్రరీలోనే చేరండి.

అపోహ: నెలకు ఎన్నైనా చదువుకోవచ్చనే ప్లానే అందరికీ లాభం.

వాస్తవం: గత ఆరు నెలల్లో మీరు పూర్తి చేసిన పుస్తకాలెన్నో వేళ్ళ మీద లెక్కపెట్టండి. పెరంబూరులో రైల్వే నుంచి రిటైరైన పెద్దాయన ఒకరు నెలకు పన్నెండు చదువుతారు. ఆయనకు ఈ ప్లాన్ నిజంగా లాభమే. ఇంకో జంట నాలుగు నెలలు డబ్బు కట్టారు, అవే రెండు పుస్తకాలు టీపాయ్ మీద ఉన్నాయి. నేనే ఫోన్ చేసి, "అమ్మా, ప్లాన్ ఆపేద్దాం, తీరిక దొరికినప్పుడు మళ్ళీ చేరండి" అన్నాను. చదవని పుస్తకానికి అద్దె తీసుకోవడం నాకు మనసొప్పదు.

అపోహ: మద్రాసులో తెలుగు పుస్తకం కావాలంటే కొనాలి, లేదా అద్దెకు తెచ్చుకోవాలి.

వాస్తవం: ఎగ్మూరులో 1896లో తెరిచిన కన్నెమరా లైబ్రరీ ఉంది. 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ప్రతినీ ప్రచురణకర్తలు అక్కడికి పంపాలి, తెలుగు పుస్తకాలతో సహా. ఏదో ఒక్క అధ్యాయం చూసుకోవాలంటే నాకు డబ్బు కట్టకండి, ముందు అక్కడ వెతకండి.

అపోహ: పుస్తకం అద్దెకివ్వడం చట్టవిరుద్ధం.

వాస్తవం: కాదు. 1957 కాపీరైట్ చట్టంలో సినిమాలకు, పాటల రికార్డులకు అద్దె హక్కు వేరుగా ఉంది. డబ్బిచ్చి కొన్న అచ్చు పుస్తకాన్ని అద్దెకివ్వడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. జిరాక్స్ తీసి ఇస్తే మాత్రం తప్పే, ఆ పని చేసే లైబ్రరీకి దూరంగా ఉండండి. బ్రిటన్‌లో ప్రజా గ్రంథాలయాలు పుస్తకం ఇచ్చినందుకు రచయితకు కొంత సొమ్ము ముట్టేలా 1979లోనే చట్టం చేశారు. మన దగ్గర అలాంటిది లేదు. రావాలని గట్టిగా కోరుకునేవాళ్ళలో నేనొకణ్ణి.

అపోహ: పోస్టులో వెళ్తే పుస్తకం పాడవుతుంది.

వాస్తవం: పాడయ్యేది ఎక్కువగా ప్యాకింగ్ వల్లే. ఒక నవంబరు వానల్లో కొరియర్‌లో పంపిన కట్ట పూర్తిగా తడిసి చేరింది. అందులో మళ్ళీ అచ్చుకాని నవల ఒకటుంది, దాని పేజీలు అట్టలా అంటుకుపోయాయి. ఇప్పటికీ తలచుకుంటే బాధేస్తుంది. అప్పటి నుంచి ముందు ప్లాస్టిక్ కవరు, దాని మీద నాలుగు మూలలకీ అట్టముక్కలు, పైన ఖాకీ కాగితం. టేపు ఎప్పుడూ పుస్తకం అట్టకి తగలకూడదు, తీసేటప్పుడు పైపొర ఊడొస్తుంది. మీరు తిరిగి పంపేటప్పుడు కూడా ఆ ప్లాస్టిక్ కవరూ అట్టముక్కలే వాడండి, పారేయకండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అరుదైన పుస్తకాలు నేను పోస్టు చేయను. కావాల్సినవాళ్ళు జనవరి దాకా ఆగుతారు, లేదా షాపుకి వచ్చి తీసుకెళ్తారు.