దుబాయిలో జమ్మిచెట్టును చూసి రండి

బిడ్డలారా,

వచ్చే నెల మీరు మీ నాన్న దగ్గరికి దుబాయి పోతున్నారని తెలిసినప్పటి నుంచి ఫోన్ చేస్తే చాలు మాల్స్ ముచ్చటే, బుర్జ్ ఖలీఫా ముచ్చటే. చూడండి, 828 మీటర్ల బిల్డింగ్ ఇంకెక్కడా లేదు కదా. అది లేస్తున్న రోజుల్లో నేను వేరే సైట్‌లో మేస్త్రీ పని చేసేవాణ్ని, పొద్దున బస్సులో పోతూ నిన్నటికీ ఈ రోజుకూ ఎంత పెరిగిందో చూసుకునేవాళ్లం. కానీ మా పాలమూరోళ్లకు సెలవు ఉండేది ఒక్క శుక్రవారమే. ఆ ఒక్క రోజూ మేం తిరిగిన జాగాలు వేరు, వాటి గురించి మీకు చెప్పాలని ఉంది.

ముందు క్రీక్‌కు పోండి. సముద్రం ఊరి మధ్యలోకి చొచ్చుకొచ్చిన పాయ అది, ఒక గట్టు దేరా, ఇంకో గట్టు బర్ దుబాయి. అక్కడ చమురు దొరికింది 1966లో. అంతకు ముందు ఆ ఊరు బతికిందంతా ఈ నీళ్ల మీదే, ముత్యాల కోసం మునిగేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు, పడవ వ్యాపారం చేసేవాళ్లు. ఇప్పటికీ దేరా గట్టున చెక్క ఓడలకు సరుకు ఎత్తుతుంటారు. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఆబ్రా అనే పడవ ఎక్కితే మనిషికి ఒక్క దిర్హామ్. పొద్దుగూకే వేళ ఎక్కండి. కరక్ చాయ్ తాగి మేం ఊరికే అటూ ఇటూ రెండుసార్లు దాటేవాళ్లం, మా జాతర అదే.

బర్ దుబాయి వైపు దిగి కొంచెం నడిస్తే అల్ ఫహీది వస్తుంది. మేస్త్రీని కాబట్టి నాకు ఆ ఊరంతటిలో అన్నింటికంటే ఇష్టమైన జాగా ఇది. సముద్రంలోంచి తెచ్చిన పగడపు రాయితో, గచ్చుతో కట్టిన పాత ఇళ్లు, ఇద్దరు పక్కపక్కన నడిస్తే నిండిపోయే సందులు. ఇళ్ల మీద చదరంగా బురుజుల్లాంటివి కనిపిస్తాయి, వాటిని బర్జీల్ అంటారు. నాలుగు దిక్కులా తెరిచి, లోపల అడ్డగోడలు పెడతారు. గాలి ఎటు నుంచి వీచినా అటు వైపు గోడ దాన్ని పట్టి కింద గదిలోకి తోస్తుంది, గదిలో వేడి గాలి ఇంకో వైపు నుంచి పైకి పోతుంది. కరెంటు లేని కాలంలో వాళ్ల కూలర్ అదే. కింద నిలబడి ముఖం పైకెత్తి చూడండి బిడ్డా, గాలి తగులుతుంది.

ఎండాకాలంలో మాత్రం పగలు బయట తిరగొద్దు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించొద్దని అక్కడ నియమమే ఉంది, ఆలోచించండి ఎంత ఎండో. మీరు చలికాలంలో పోతున్నారు, మంచిదే. ఆ నెలల్లో రాస్ అల్ ఖోర్ చిత్తడి నేలలో ఫ్లెమింగో పక్షులు దిగుతాయి, చప్పుడు చేయకుండా చూడాలి.

ఇక అసలు ముచ్చట. ముష్రిఫ్ పార్క్ అని ఊరి చివర ఉంటుంది, అక్కడ ఇసుకలో గాఫ్ చెట్లు అడవిలా ఉంటాయి. ఆ గాఫ్ ఏంటో తెలుసా, మన జమ్మి! అదే చెట్టు. మనకు రాష్ట్ర వృక్షం, వాళ్లకు జాతీయ వృక్షం. వేర్లు చాలా లోతుకు పోయి నీళ్లు వెతుక్కుంటాయి, అందుకే వాన లేకున్నా పచ్చగా ఉంటుంది. ఒంటెలు, మేకలు దాని ఆకులు, కాయలు తింటాయి, పాతకాలంలో పెద్దమనుషులు దాని నీడనే కూర్చుని పంచాయితీలు తెంపేవారట, మన ఊళ్లో రచ్చకట్ట మీద లాగానే.

నేను పోయిన మొదటి ఏడు దసరాకు మనసంతా ఇంటి మీదే ఉంది. సైట్‌కు పోయే దారిలో ఒక చెట్టు చూసి ఇది జమ్మి అన్నాను, నారాయణపేట దిక్కు నుంచి వచ్చిన దోస్తు కాదన్నాడు. మాతో పనిచేసే రాజస్థాన్ అతను చూసి ఇది మా ఖేజ్డీ అన్నాడు, అంటే జమ్మే. ఆ సాయంత్రం ముగ్గురం పోయి కింద రాలిన ఆకు ఏరుకుని, చేతుల్లో పెట్టుకుని బంగారం అనుకుని అలాయ్ బలాయ్ తీసుకున్నాం. ఆ రాత్రి కడుపునిండా తిన్నాను.

మీరూ ఆ చెట్టు కిందికి పోండి. కొమ్మ విరచకండి, గాఫ్ నరకడం అక్కడ నేరం. పాలపిట్ట కూడా అక్కడి పార్కుల్లో ఉంటుంది, తీగల మీద చూడండి. చెట్టు ఫోటో ఆకులు కనపడేలా దగ్గర నుంచి తీసి పంపండి, ఎడారిలో జమ్మి ఉందంటే మీ నాయినమ్మ ఇన్నేళ్లయినా నమ్మట్లేదు.

మీ తాత,
మహబూబ్‌నగర్