మందం రేకు వేస్తే తుపానుకి ఎగరదా? కప్పు గురించి అపోహలు - వాస్తవాలు

పలాస చుట్టుపక్కల షెడ్లకీ ఇళ్లకీ కప్పులు వేయడం నా పని. ఎవరు ఫోన్ చేసినా మొదటి ప్రశ్న ఒకటే: "ఎన్ని ఎం.ఎం. రేకు వేయమంటారు?" రేకు మందంగా ఉంటే చాలు, గాలికి నిలబడుతుందని అందరికీ గట్టి నమ్మకం. మా ప్రాంతంలో ఈ అపోహ ముంచినంతగా ఇంకేదీ జనాన్ని ముంచలేదు.

లెక్క చూడండి. 0.50 ఎం.ఎం. రేకు చదరపు మీటరుకి నాలుగు కిలోల పైచిలుకు తూగుతుంది. 0.45 నుంచి 0.50కి వెళ్తే పెరిగేది అర కిలో కూడా కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకి 140-150 కిలోమీటర్లు. ఆ వేగానికి చదరపు మీటరు మీద పడే ఒత్తిడి వంద కిలోలకి అటూ ఇటూగా ఉంటుంది. చూరు వెంబడి, మూలల్లో ఇంకా ఎక్కువ. పైగా గాలి కప్పుని కిందికి తొక్కదు, పైకి లాగుతుంది. తలుపో కిటికీయో ఊడితే లోపలికి దూరి కింద నుంచి కూడా తోస్తుంది. నాలుగు కిలోల రేకు బరువు దీని ముందు ఏపాటి? కప్పుని పట్టి ఉంచేది బిగింపే.

తిత్లీ తర్వాత మందస వైపు ఒక జీడి షెడ్డు చూడ్డానికి వెళ్లాను. మంచి కంపెనీ రేకు, మందం కూడా బాగానే ఉంది. మొత్తం కప్పు, రేకుల్ని మోసే ఇనప పైపులతో సహా తోటలో బోర్లా పడి ఉంది. రేకుకీ పైపుకీ మధ్య స్క్రూలు చెక్కుచెదరలేదు, రబ్బరు వాషర్లు కూడా అలాగే ఉన్నాయి. ఊడింది గోడ దగ్గర. గోడలో గాడి కొట్టి, పైపు దూర్చి, చుట్టూ సిమెంటు ముద్ద పెట్టి వదిలేశారు. ఆ ముద్దలు గోడ వారనే రాలి ఉన్నాయి, ఒక్కోదాని మధ్యలో పైపు ఆకారంలో నున్నటి గాడి. "ఏటి బాబూ, మందం రేకే ఏయించినాం గదా, ఎలగెగిరిపోనాది?" అని అడిగింది ఆ ఇంటి పెద్దావిడ. ఆవిడ ఖర్చుకి వెనకాడలేదు. పెట్టాల్సిన చోటు ఎవరూ చెప్పలేదు, అంతే.

గోడ పైన కాంక్రీటు బెల్టు పోసేటప్పుడే అందులోంచి ఊచలు పైకి వదిలి, వాటికి పైపుల్ని వెల్డింగ్ చేయించండి. కప్పు మధ్యలో ఒక మడత విడిచి ఒక మడతకి స్క్రూ వేసినా, చూరుకీ మూలలకీ మాత్రం ప్రతి మడతకీ పడాలి. నీడ కోసమని చూరు నాలుగడుగులు బయటికి లాగకండి, గాలికి మొదట దొరికేది అదే. అలాగని 0.30 రేకు వేయమనడం లేదు, అది స్క్రూ తల దగ్గరే చిరిగిపోతుంది. షాపువాడు చెప్పే మందంలో పూత, పెయింటు కూడా కలిసి ఉంటాయేమో అడిగి తెలుసుకోండి. సముద్రం దగ్గరివాళ్లు మందం కన్నా ముందు జింకు-అల్యూమినియం పూత ఎంత ఉందో చూడాలి. ఉప్పుగాలి తుప్పు కత్తిరించిన అంచుల్లోనే మొదలవుతుంది.

ఇక మిగతావి. బంగళా పెంకుల కాలం పోయిందంటారు, కానీ చల్లదనానికి ఇప్పటికీ అదే మేలు. చూరు వరసల్ని తీగతో కట్టించుకోవాలి. రేకుల మీద ఇసుక బస్తాలు పెట్టడం వల్ల ధైర్యమే తప్ప పెద్ద బలం రాదు.

సిమెంటు రేకుల కింద పడుకుంటేనే క్యాన్సర్ వస్తుందని ఫోన్లలో తిరిగే మెసేజిలు చూస్తే ఒళ్లు మండుతుంది. ఆ రేకుల్లో కలిపే ఆస్‌బెస్టాస్ నార అన్ని రకాలూ క్యాన్సర్ కారకాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది, అది నిజం. కానీ అసలు ముప్పు పీల్చే దుమ్ములో ఉంది. పగలని రేకు కింద పడుకున్నందుకే రేపు జబ్బు వచ్చేయదు. ఆ మెసేజి చదివి భయపడి, రాత్రికి రాత్రే రేకుల్ని పగలగొట్టి దించితేనే దుమ్ము లేస్తుంది. కట్టర్ పెట్టకుండా, నీళ్లతో తడిపి, బోల్టులు విప్పి నిండు రేకుగా దించాలి. పిల్లల్ని ఆ దరిదాపులకి రానీయకూడదు.

ఇప్పటికే కప్పు వేసేసుకున్నవాళ్లు కంగారు పడి పీకించకండి. అక్టోబరు గాలుల లోపు మేస్త్రీని ఎక్కించి చూరు వెంబడి, మూలల్లో స్క్రూలు పెంచండి. ప్రతి పైపు చివరా ఇనప పట్టీ వేసి, దాన్ని గోడ బెల్టుకి యాంకర్ బోల్టులతో బిగించండి. బెల్టు లేని గోడైతే ఆ పట్టీని నాలుగైదు ఇటుక వరసల కిందికి దించి, గోడకి అటూ ఇటూ పట్టీ పెట్టి ఆరపార బోల్టు వేయించండి. వెల్డింగ్ పడిన ప్రతి చోటా పూత కాలిపోతుంది, కూలీ వెళ్లేలోగా అక్కడ జింక్ పెయింటు రెండుసార్లు కొట్టించుకోండి.