రెడ్ కార్పెట్ బట్టలకు మార్కులు వేసే ముందు: కొన్ని అపోహలు, వాస్తవాలు

సినిమా అవార్డుల ఫంక్షన్ జరిగిన మర్నాడు వడపళనిలోని మా వర్క్‌షాప్‌లో అందరి ఫోన్లలోనూ అవే ఫొటోలు. ఎవరిది అదిరింది, ఎవరిది తేలిపోయింది అని ఒకటే చర్చ. ఆ బట్టల్లో రెండో మూడో ముందురోజు మధ్యాహ్నం దాకా మా మిషన్ మీద ఉన్నవే అయ్యుంటాయి. నెల్లూరు నుంచి చెన్నై వచ్చి 14 ఏళ్లు. స్టైలిస్టులకు ఫిటింగులు, ఆల్టరేషన్లు చేసిపెట్టడం నా పని. బట్టలకు మార్కులు వెయ్యొద్దని నేననను. మా పనిని ఎవరైనా పట్టి చూస్తే అంతకంటే కావలసిందేముంది? కానీ చూడాల్సింది గుడ్డని, కుట్టుని. జనం చూస్తున్నది ఒంటిని. నా బాధంతా అదే.

అపోహ: డ్రెస్ పట్టేసినట్టుందంటే ఆమె లావెక్కినట్టే.

వాస్తవం: ఆ గౌన్లలో చాలావరకు కొన్నవి కావు. ఒక్క రాత్రి కోసం డిజైనర్ల దగ్గర అడిగి తెచ్చినవి. శాంపిల్ పీసులంటాం, పొడుగ్గా సన్నగా ఉండే మోడల్ కొలతలకు కుట్టి ఉంటాయి. వాటిని ఇంకొకరి ఒంటికి మేం సర్దాలి. తిరిగిచ్చేటప్పుడు కత్తెర పడిన గుర్తు కూడా ఉండకూడదు.

ఓసారి ఒక గౌను మధ్యాహ్నం రెండింటికి చేతికొచ్చింది. ఆరింటికల్లా అది వేసుకోవాల్సినామె కారెక్కాలి. వీపు జిప్పు నడుము దగ్గరే ఆగిపోయింది, రెండంగుళాలు చాలలేదు. పక్క కుట్లు విప్పి చూస్తే లోపల వదిలిన గుడ్డ పావంగుళం కూడా లేదు. డిజైనర్‌కి ఫోన్ చేసి అనుమతి తీసుకుని జిప్పు ఊడదీశాం. రెండు పక్కలా అదే రంగు పట్టుగుడ్డతో సన్నటి లూపులు చేత్తో కుట్టి, అడుగున ఒక గుడ్డ వేసి, తాడు ఎక్కించి బిగించాం. ఇద్దరం కూర్చుని మొత్తం నలభై లూపులు కుట్టాం. చివరి ముడి వేసేటప్పటికి నా వేళ్లు పనిచెయ్యడం మానేశాయి. మర్నాడు ఫొటోల కింద అందరిదీ ఒకటే మాట, “ఏంటి ఇంత లావైపోయింది?” ఆమె కొలతల కాగితం నా దగ్గరే ఉంది. మూడేళ్లుగా నడుము మారలేదు.

ఫిటింగ్ మీద తీర్పు చెప్పాలంటే ముడతలు చూడండి. అడ్డంగా లాగినట్టుంటే అక్కడ గుడ్డ చాలలేదు. నిలువుగా జారినట్టుంటే ఎక్కువైంది. మెడ నుంచి చంక వైపు ఏటవాలుగా వస్తే భుజం వాలుకి కటింగ్ కుదరలేదు. ఈ మూడింటిలో ఏదీ ఆ మనిషి తప్పు కాదు.

అపోహ: ఫొటోలో కనిపించిందే అసలు డ్రెస్.

వాస్తవం: కంచిపట్టు నెమలికంఠం రంగునే తీసుకోండి. పడుగు (నిలువు దారాలు) ఒక రంగు, పేక (అడ్డ దారాలు) ఇంకో రంగు. మనిషి నడుస్తుంటే నీలం, ఆకుపచ్చ ఒకదాని వెంట ఒకటి మెరుస్తాయి. ఎదురుగా ఫ్లాష్ పడిందా, ఆ కదలికంతా పోయి ఒక్క రంగే మిగులుతుంది. నల్లటి పల్చటి గుడ్డ గదిలో నిండుగానే ఉంటుంది, ఫ్లాష్ పడితే లోపలిదంతా చూపిస్తుంది. అందుకే ట్రయల్‌లో లైట్లు ఆర్పి, ఫోన్ ఫ్లాష్‌తో ఫొటోలు తీసి చూడనిదే నేను ఏ డ్రెస్సూ బయటికి పంపను. కింద పరిచిన తివాచీ రంగు కూడా లెక్కలోకి వస్తుంది. ఆస్కార్‌లో 1961 నుంచి వస్తున్న ఎర్ర తివాచీని 2023లో మార్చి షాంపేన్ రంగుది పరిచారు. ఎరుపు మీద ఎత్తి కనిపించే లేత రంగులు అలాంటి నేల మీద కలిసిపోతాయి. మార్కులు వేసేముందు నడుస్తున్న వీడియో ఒక్కటి చూడండి, వెనక వైపు కూడా.

అపోహ: చీరతో వచ్చిందంటే కష్టపడకుండా కానిచ్చేసినట్టు.

వాస్తవం: నా మటుకు అన్నిటికంటే కత్తిమీద సాము చీరే. గౌను కుట్టి ఉంటుంది. చీర పిన్నుల మీద, లంగా బొందు మీద నిలబడుతుంది. కారులో ముప్పావుగంట కూర్చుని, దిగి, హీల్స్‌తో మెట్లెక్కి, యాభై కెమెరాల ముందు తిరగాలి. ఆ రాత్రి వేసుకునే చెప్పులు వేసుకున్నాకే చీర కట్టడం మొదలుపెట్టాలి, లేదంటే అంచు నేలకి అందదు. కుచ్చిళ్లను లోపలి వైపు టాకా వేసి పట్టిస్తాం. కంచి కోర్వై చీరలో ఒడలుకీ అంచుకీ వేర్వేరు నాడెలు వాడి, నేస్తూనే మగ్గం మీద కలుపుతారు. ఆ అతుకు దగ్గర పిన్ను గుచ్చితే పోగు తెగుతుంది. పైటకి పిన్ను రవిక లోపలి నుంచి పెడతాను, పిన్ను చుట్టలో చీర ఇరుక్కోకుండా ముందు ఒక పూస ఎక్కించి. చీరకి మార్కులు వేయాలనుకుంటే కింద అంచు నేలకి సమంగా ఉందా లేదా చూడండి. సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది.

అపోహ: మగాళ్ల బట్టల్లో చూడటానికేముంది?

వాస్తవం: 2023 ఆస్కార్‌కి జూనియర్ ఎన్టీఆర్ వేసుకున్న, డిజైనర్ గౌరవ్ గుప్తా చేసిన బంద్‌గలా (మెడ దాకా మూసుకునే కోటు) గుర్తుందా? నల్లటి నేల, భుజం మీద బంగారు వన్నె పులి. నలుపు వెలుతురుని మింగేస్తుంది కాబట్టి ఎంబ్రాయిడరీ ఒక్కటే కంటికి వస్తుంది. బంద్‌గలాలో మెడపట్టీ అర సెంటీమీటరు ఎత్తు ఎక్కువైనా మనిషి మెడ మాయమవుతుంది. చూడటానికి చాలానే ఉంది.

అపోహ: చెత్త డ్రెస్సుల జాబితాలోకి ఎక్కితే అంతే సంగతులు.

వాస్తవం: 2001 ఆస్కార్‌కి గాయని బ్యోర్క్ హంస ఆకారం గౌను వేసుకొస్తే లోకమంతా నవ్వింది. 2015లో న్యూయార్క్ మోడరన్ ఆర్ట్ మ్యూజియం ఆమె మీద పెట్టిన ప్రదర్శనలో ఆ గౌనూ ఉంది.

అపోహ: ఒకసారి వేసుకున్నది మళ్లీ వేసుకుంటే పరువు తక్కువ.

వాస్తవం: హాలీవుడ్ నటి రీటా మొరెనో 1962లో ఆస్కార్ అందుకున్న గౌనునే 2018లో మళ్లీ వేసుకుని వచ్చారు. ఆలియా భట్ 2023లో తన పెళ్లి చీరతోనే జాతీయ అవార్డు అందుకున్నారు. మన చెన్నై అమ్మాయి సమంత 2024లో తన పెళ్లి గౌనుని నల్లటి డ్రెస్‌గా మార్పించుకుని ఓ అవార్డు వేడుకకి వెళ్లారు.

పాతదాన్ని మార్చడం కొత్తది కుట్టడం కంటే కష్టం. పట్టు, శాటిన్ మీద విప్పిన కుట్టు తాలూకు సూది రంధ్రాలు ఇస్త్రీ చేసినా పోవు. కొత్త కుట్టు వాటి మీదుగానే రావాలి, లేదా ఏదన్నా కప్పాలి. పోయిన నెల ఒకరి రిసెప్షన్ లెహంగాని పొడుగు కోటుగా మార్చాం. భుజం నుంచి నడుము దాకా దిగిన సన్నటి పూసల వరుస బాగుందని చాలామంది రాశారు. ఆ వరుస కింద ఉన్నవి పాత కుట్టు రంధ్రాలే.