మేస్త్రీకి కబురు

మా పిన్ని బాత్రూములో జారి, ఆపుకోబోయి చెయ్యి ఆనించింది. మణికట్టు విరిగింది. "రోజూ గ్లాసుడు పాలు తాగుతానా, కాల్షియం బిళ్ల వేసుకుంటానా, ఇంకేం చెయ్యాల్రా?" అంది సిమెంటు కట్టు చూసుకుంటూ.

సిమెంటు బస్తాలు గుమ్మంలో దింపిస్తే గోడ లేవదు, మేస్త్రీ రావాలి. కాల్షియమూ అంతే, అది సరుకు మాత్రమే. ఎముకలో ఒక జట్టు కణాలు పాతది తవ్వేస్తుంటే ఇంకో జట్టు కొత్తది కడుతుంటుంది. పెద్దవాళ్లలో ఏడాదికి సుమారు 10 శాతం ఎముక ఇలా కొత్తదవుతుంది. ఎక్కడ కట్టాలో కబురు పంపేవి ఎముకలోనే కూరుకుపోయి ఉండే ఆస్టియోసైట్లు అనే కణాలు. బరువు పడితే ఎముక కంటికి కనిపించనంత వంగుతుంది, లోపలి సన్నటి కాలువల్లో ద్రవం కదులుతుంది. ఆ కదలికే వాటికి గుర్తు. నెలసరి ఆగాక ఈస్ట్రోజెన్ అనే హార్మోను తగ్గి, తవ్వే జట్టుది పైచెయ్యి అవుతుంది. పిన్ని ఇప్పుడున్నది ఆ వయసులోనే.

బరువే లేకపోతే? అంతరిక్ష కేంద్రంలో నెలల తరబడి తేలే వ్యోమగాములకు తిండికి లోటుండదు. అయినా వాళ్ల తుంటి ఎముక సాంద్రత నెలకు 1 నుంచి 1.5 శాతం దాకా తగ్గుతూ వచ్చింది. అదే టెన్నిస్ ఆటగాళ్లలో, చిన్నప్పటి నుంచి రాకెట్ పట్టిన చేతి ఎముక రెండో చేతి ఎముకకన్నా దిట్టంగా ఉంటుంది. ఒకే మనిషి, ఒకే తిండి! ఈత గుండెకు మంచిదే కానీ, మన బరువు నీళ్లే మోసేస్తాయి కాబట్టి ఎముకకు పెద్దగా ఒరిగేదేమీ లేదు. మెట్లెక్కడం, గెంతడం, బరువులెత్తడం నయం. పిన్నిలా ఒకసారి విరిగినవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా గెంతకూడదు.

అలాగని తిండిని తీసిపారేయలేం, సరుకు లేకుండా మేస్త్రీ ఏం కడతాడు? పెద్దవాళ్లకు రోజుకు సుమారు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. రాగుల్లో, అదే మా వైపు చోళ్లలో, 100 గ్రాములకు సుమారు 350 ఉంటుంది. పాలకూరలోనూ ఉంది కానీ అందులోనే ఉండే ఆక్సలేట్ అనే పదార్థం దాన్ని పట్టుకుని వదలదు. పేగులు కాల్షియాన్ని బాగా పీల్చుకోవాలంటే డి విటమిన్ ఉండాలి. అందుకు కావలసిన కిరణాలు కిటికీ అద్దం దాటి రావు, బయటికి వెళ్లాల్సిందే.

కట్టు విప్పాక పిన్నిని ఫిజియోథెరపిస్టు కుర్చీ చేతులు పట్టుకోకుండా పదిసార్లు లేచి కూర్చోమన్నాడు. నాలుగోసారికి చతికిలబడి, "లేచి కూర్చోడానికి ఫీజు కూడానా!" అంది.