అవ్వను చరిత్ర చెప్పమనకండి

పిల్లలూ,

మీ బడిలో పెద్దవాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేయబోతున్నారని మీ సారు చెప్పారు. ఎలా చేయాలో రాయమన్నారు. ఈ పని నేను పిల్లలతో చేసినవాణ్ణే, చెడగొట్టినవాణ్ణి కూడా.

మొదటిసారి ఎనిమిది మందిమి పోయి ఒక అవ్వ చుట్టూ కూర్చున్నాం. "అవ్వా, మన ఊరి చరిత్ర చెప్పు" అన్నాడొక పిల్లాడు. "చదువురాని దాన్ని, నాకేం చరిత్ర తెలుసు నాయనా" అని ఆమె లేచి లోపలికి పోయింది.

ముగ్గురే వెళ్లండి. ఒకరు అడగాలి, ఒకరు ఫోన్ చూసుకోవాలి, ఒకరు పేర్లూ ఊర్లూ రాసుకోవాలి. రికార్డు చేయొచ్చా, బడిలో వినిపించొచ్చా అని ముందే అడగండి. వద్దంటే వదిలేయండి. ఫ్యాన్ ఆపడం మరవద్దు, గంట మాటల్లో మాకు గరగరే మిగిలింది.

శ్రీశైలం డ్యామ్ నీళ్లలో 1980ల మొదట్లో ఊర్లు పోగొట్టుకున్నవాళ్లు మన కర్నూలు వైపు ఎంతోమంది. వాళ్లను కష్టాలు చెప్పమనకండి. చాక్‌పీసు చేతికిచ్చి, ఇంట్లో బండల మీద ఆ ఊరు గీయమనండి. రచ్చకట్ట ఎక్కడ, బావి ఎక్కడ, మీ వాకిలి ఏ దిక్కు? వాకిలి దాకా వచ్చేసరికి మాట దానంతటదే వస్తుంది. ఒక తాత అలాగే గీస్తూ ఆగిపోయాడు. మా పిల్లాడు ఆగలేక ఇంకో ప్రశ్న వేశాడు. దానికి జవాబు దొరికింది గానీ, తాత చెప్పబోయింది మాత్రం గొంతులోనే ఉండిపోయింది. మీరు మనసులో ఇరవై దాకా లెక్కపెట్టండి.

ఏ సంవత్సరం అని అడిగితే పెద్దవాళ్లు టెన్షన్ పడతారు. "కర్నూలు రాజధానిగా ఉన్నప్పుడు నువ్వెంత ఉన్నావు? ఆఫీసుల డేరాలు చూశావా?" అనండి. అది 1953 అక్టోబరు నుంచి 1956 అక్టోబరు దాకా, లెక్క మీరు కట్టుకోవచ్చు. ఈ కాలం సంగతులకైతే 2009 అక్టోబరు వరద ఉంది, ఊరంతటికీ గుర్తే. దానికి ముందా, తర్వాతా అంటే చాలు. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాసుకోండి, పంచాయితీ తీర్చకండి.

ఒక రోజు మళ్లీ పోయి వాళ్ల గొంతు వాళ్లకు వినిపించండి. అప్పుడే "ఇది చెప్పడం మరిచినా" అని అసలు సంగతి మొదలుపెడతారు.

ప్రతి రికార్డింగుకూ పేరు, ఊరు, తేదీ పెట్టండి. నా దగ్గర ఉత్త "అవ్వ" అని రాసిన క్యాసెట్లు నాలుగున్నాయి. ఏది ఏ అవ్వదో గొంతు బట్టి పోల్చుకోవాలని ఇప్పటికీ వింటూనే ఉన్నాను.

మీ తాత